ముందు మ్యూట్ నొక్కండి

ఫిల్మ్ కోర్సులో కొత్తగా చేరిన విద్యార్థిని 'నీకు బాగా నచ్చిన రాక్ వీడియో ఏది?' అని అడగండి. ఠక్కున పేరు చెబుతాడు. 'అందులో ఏం నచ్చింది?' అంటే 'ఆ ఎనర్జీ సార్, ఆ వైబ్' అంటాడు. 'మొదటి కోరస్ మొదలైనప్పుడు కెమెరా ఎక్కడుంది? డ్రమ్మర్ ముఖం మొదటిసారి ఎప్పుడు కనిపించింది? రెండో కోరస్‌కి ఏం మారింది?' అనేసరికి బుర్ర గోక్కుంటాడు. ఆ వీడియోని లెక్కలేనన్ని సార్లు చూసే ఉంటాడు. అన్నిసార్లూ అభిమానిగానే చూశాడు, అదీ చిక్కు.

అభిమానంతో పోస్టర్ కొనుక్కోవచ్చు, టీషర్ట్ వేసుకోవచ్చు. వీడియో తీయాలంటే మాత్రం, మీరు చూస్తున్న ప్రతి షాటూ ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమని గుర్తుపట్టాలి. ఇంకో విధంగా తీసే వీలున్నా ఇలాగే ఎందుకు తీశారని అడగాలి. ఈ అలవాటు పుట్టుకతో రాదు, కూర్చుని చేస్తే వస్తుంది.

మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. పాట మోత లేకపోతే ఎడిటింగ్ దాక్కోలేదు. ఎక్కడ కట్ చేశారు, ఎక్కడ ఆగారు, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, అన్నీ బయటపడతాయి. రెండోసారి కళ్లు మూసుకుని పాట మాత్రమే వినండి. గిటారు ఎక్కడ తగ్గింది, డ్రమ్స్ ఎక్కడ విరుచుకుపడ్డాయి, గొంతు ఎక్కడ చీరుకుపోయింది అన్నది కాగితం మీద నిమిషాలు, సెకన్లతో రాసుకోండి. మూడోసారి రెండూ కలిపి చూడండి. పాటలో మీరు గీత గీసిన చోట తెర మీద ఏం జరిగింది? జరగకపోతే ఎందుకు జరగలేదు? ఒక్క పాటకు ఒక సాయంత్రం పడుతుంది, విసుగూ పుడుతుంది. కానివ్వండి.

నిర్వానా బృందం 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' మీద ఈ పని చేసి చూడండి. 1991లో శామ్యూల్ బేయర్ తీసిన వీడియో అది. పొగ నిండిన స్కూలు జిమ్, గ్యాలరీలో పిల్లలు, నల్ల దుస్తుల మీద అరాచకవాద చిహ్నం వేసుకున్న చీర్‌లీడర్లు, చీపురుకర్ర పట్టుకున్న ఒక పనివాడు. వీడియో మొదలయ్యేది హీరో ముఖంతో కాదు, తాళం వేస్తున్న ఒక బూటుతో! పాట నిర్మాణం ఏమిటి? మెల్లగా మొదలై, ఒక్కసారి పేలి, మళ్లీ మెల్లబడుతుంది. గుంపు మాత్రం పాటలా వెనక్కి తగ్గదు. మొదట కూర్చుని తలలూపుతుంది, తర్వాత లేస్తుంది, చివరికి కిందికి దిగి అంతా ధ్వంసం చేస్తుంది. పాట కెరటంలా లేచి పడుతుంటే బొమ్మ మాత్రం మెట్లెక్కుతూ పోతుంది. 'ఎనర్జీ' అని మన విద్యార్థి చెప్పింది దీన్నే. పేరు పెట్టలేకపోయాడు, అంతే. పేరు పెట్టగలిగితే తన వీడియోలో వాడుకోగలడు.

ఆ షూటింగ్ గురించి ఇంకో ముచ్చట ఉంది. ఎక్స్‌ట్రాలను రోజంతా గ్యాలరీలో కూర్చోబెట్టారు. వాళ్లకి చిరాకెత్తింది. చివర్లో వాళ్లని కిందికి దింపి గంతులేయనిద్దామని నిర్వానా గాయకుడు కర్ట్ కోబెయిన్ దర్శకుణ్ని ఒప్పించాడు. ఆ విధ్వంసంలో కనిపించే కసి చాలావరకు అసలుదే. ఆ తర్వాత బేయర్ చేసిన ఎడిటింగ్ కోబెయిన్‌కి నచ్చలేదు. తనే కూర్చుని మార్పులు చేయించాడు, చివర్లో తన ముఖం దగ్గరగా కనిపించే షాట్ అలా వచ్చిందే. దర్శకుడికీ బ్యాండ్‌కీ పడకపోయినా మంచి వీడియో రావచ్చు. అలాగని మీరు మీ బ్యాండ్‌తో పోట్లాడాలని కాదు! వాళ్లు 'ఇది మేం కాదు' అన్నప్పుడు అహం పక్కనపెట్టి చెవి ఒగ్గండి. పాట వాళ్లది.

పాటలోని మాటకీ తెర మీది బొమ్మకీ ఉండే సంబంధాన్ని ఆండ్రూ గుడ్విన్ అనే పరిశోధకుడు 1992లో వచ్చిన తన పుస్తకంలో మూడు రకాలుగా చూపించాడు. మాట చెప్పిందే బొమ్మ చూపించడం ఒకటి. మాటకి బొమ్మ కొత్త అర్థం జోడించడం ఇంకొకటి. మాటతో సంబంధం లేకుండా బొమ్మ తన దారిన పోవడం మూడోది. ఇంగ్లండ్‌లో మీడియా స్టడీస్ చదివే పిల్లలు వీటిని మన ఎక్కాల్లా వల్లె వేస్తారు. వల్లె వేయడం వల్ల వచ్చేదేమీ లేదు గానీ, స్క్రిప్టు రాసేటప్పుడు ప్రతి చరణం పక్కన 'చూపిస్తున్నానా, పెంచుతున్నానా, వదిలేస్తున్నానా' అని రాసుకుంటే మీ బద్ధకం మీకే దొరికిపోతుంది. పాటలో 'వాన' అనగానే వాన, 'ఒంటరి' అనగానే రైల్వే ప్లాట్‌ఫాం మీద ఒక్కడు, 'స్వేచ్ఛ' అనగానే డ్రోన్ షాట్! విద్యార్థుల వీడియోల్లో సగం ఇలాగే ఉంటాయి. డ్రోన్ అద్దె డబ్బులతో యూనిట్‌కి మంచి భోజనం పెట్టండి. వీడియో బాగుపడుతుంది.

చూడటం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. చూడటం వచ్చాక ప్లానింగ్ సగం అయిపోతుంది. మిగతా సగం వదులుకోవడం. చేతిలో కెమెరా ఉంది, లైట్లున్నాయి, నలుగురు మిత్రులున్నారు, బుర్రలో పది ఐడియాలున్నాయి. పదీ పెడితే మీ వీడియో ఎవరికీ గుర్తుండదు. ఒక్క ఐడియాని ఒక్క వాక్యంలో రాయండి. అది 'మరియు' లేకుండా రాకపోతే మీ దగ్గర ఇంకా రెండున్నాయన్నమాట.

వైట్ స్ట్రైప్స్ జంట 'ది హార్డెస్ట్ బటన్ టు బటన్' వీడియో 2003లో వచ్చింది. దర్శకుడు మిషెల్ గోండ్రీ. వాక్యం ఇది: ప్రతి దెబ్బకీ ఒక కొత్త డ్రమ్ కిట్ పుట్టుకొస్తుంది. అంతే. దానికోసం ఒకేలాంటి 32 డ్రమ్ కిట్లు తెప్పించాడు, 32 యాంప్లిఫయర్లు తెప్పించాడు, న్యూయార్క్ వీధుల్లో వరసగా పేర్చుకుంటూ పోయాడు. కథ లేదు, నటన లేదు. ఒక నియమం పెట్టుకున్నాడు, చివరిదాకా దానికి కట్టుబడ్డాడు. చూసేవాడు పది సెకన్లలో ఆ నియమం పట్టేస్తాడు, ఆ తర్వాత 'ఇప్పుడేం చేస్తాడు?' అని ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపే వీడియోని నడిపిస్తుంది.

'మనకి 32 డ్రమ్ కిట్లు ఎవరిస్తారు?' అంటారా? ఓకే గో బృందం 'హియర్ ఇట్ గోస్ అగైన్' చూడండి. 2006. ఎనిమిది ట్రెడ్‌మిల్లులు, నలుగురు మనుషులు, కదలని ఒక కెమెరా, ఒకే షాట్. నృత్యం కూర్చింది గాయకుడి సోదరి ట్రిష్ సీ. తెర మీద మనం చూసేది 17వ ప్రయత్నం అంటారు. 2007లో గ్రామీ వచ్చింది. ఖర్చు తగ్గించి తీయడం ఇక్కడ గొప్పేమీ కాదు, చాలామంది తగ్గిస్తారు. డబ్బు పెట్టలేని చోట వాళ్లు రిహార్సల్ పెట్టారు. విద్యార్థికి పుష్కలంగా ఉండే పెట్టుబడి కూడా అదే. సెలవు రోజు, ఖాళీ హాలు, నలుగురి ఓపిక.

ఇక ప్లాన్ తప్పిన రోజు సంగతి. కోల్డ్‌ప్లే బృందం 'యెల్లో' పాటను 2000లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్ తీరాన స్టడ్‌ల్యాండ్ బే దగ్గర తీశారు. బృందం మొత్తం తెర మీద కనిపించాలన్నది అనుకున్న పథకం. డ్రమ్మర్ విల్ చాంపియన్ తల్లి అంత్యక్రియలు సరిగ్గా ఆ రోజే వచ్చాయి. వాతావరణమూ అనుకూలించలేదు. గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక్కడే తడి గాలిలో ఇసుక మీద నడుస్తూ పాడాడు. ఒకే షాట్, వెనక చీకటి, క్రమంగా వెలుగు. సెకనుకు 50 ఫ్రేములతో తీశారు, అందుకే అతను పాటని రెట్టింపు వేగంలో పాడాల్సి వచ్చింది. మామూలు వేగంలో ప్రదర్శిస్తే పెదవులు పాటతో సరిగ్గా కలుస్తాయి, జుట్టూ అలలూ మాత్రం కలలోలా నెమ్మదిగా కదులుతాయి. చాలామంది ఆ వీడియోలో చూసేది ఒంటరితనం. దానికి కారణం ఆ రోజు జరిగిన నష్టం. దర్శకులు షూటింగ్ రద్దు చేసుకుని ఇంటికి పోలేదు, మిగిలిన మనుషులతో బృందం ఉన్నట్టు నటించనూ లేదు. ఉన్న ఒక్క మనిషినీ, ఉన్న వాతావరణాన్నీ వీడియోగా మార్చారు.

అందుకే షాట్ డివిజన్ రాసుకున్న కాగితం అడుగున ఒక గీత గీసి, 'ఒకవేళ డ్రమ్మర్ రాకపోతే', 'ఒకవేళ లొకేషన్ ఇవ్వకపోతే', 'ఒకవేళ కరెంటు పోతే' అని రాసి ఎదురుగా జవాబు రాయండి. చాలామంది దీన్ని అపశకునంగా చూస్తారు. రాసుకున్నవాడు షూటింగ్ రోజు అరవడు. సెట్లో గొంతు పెంచే విద్యార్థి దర్శకుల్లో ఎక్కువమంది ముందురోజు రాత్రి ఈ కాగితం రాయనివాళ్లే అని నా అనుమానం.

కాస్త లెక్కలు. పాట వేగం నిమిషానికి 120 బీట్లనుకోండి. సెకనుకు 24 ఫ్రేములతో తీస్తే ఒక్కో బీటు 12 ఫ్రేములు. నాలుగు నిమిషాల పాటంటే 480 బీట్లు, నాలుగేసి బీట్ల చొప్పున 120 బార్లు. ఈ 120 గళ్లు కాగితం మీద గీసి ప్రతి గడిలో కనిపించేది రాయండి. ఒకే కోరస్ మూడుసార్లు వస్తుంది కదా, మూడోసారికి ఏం మారుతుందో రంగు పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. ఏమీ మారకపోతే రెండో కోరస్ తర్వాత ప్రేక్షకుడు ఫోన్ చూసుకుంటాడు.

షూటింగ్‌లో ప్లేబ్యాక్ ట్రాక్ మొదట్లో నాలుగు బీప్‌లు పెట్టుకోండి. కెమెరా మైక్ ఆపకండి, తర్వాత సింక్ చేసుకోవడానికి ఆ చెత్త ఆడియోనే దిక్కు. డ్రమ్మర్ నిజంగా కొట్టాలి. మెల్లగా కొట్టినట్టు నటిస్తే భుజాలు అబద్ధం చెప్పలేవు. డ్రమ్స్ మోతలో అతనికి పాట వినిపించదు కాబట్టి చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టండి. ముందు మొత్తం పాట దూరం నుంచి తీసి, ఆ తర్వాతే దగ్గరి షాట్లకి వెళ్లండి. అలా చేస్తే ఏ గంట దగ్గర పని ఆగిపోయినా చేతిలో పూర్తి పాట ఉంటుంది. నాలుగు నిమిషాల టేక్ ఒకటి సర్దుకోవడాలతో కలిపి పన్నెండు నిమిషాలైనా తింటుంది. గంటకి ఐదు. మధ్యాహ్నానికి యాభై టేకులు తీస్తానని కలలు కనకండి. ట్యూబ్‌లైట్ల కింద తీస్తుంటే షట్టర్ 1/50 దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే గోడ మీద చారలు నడుస్తాయి.

ఒక మాట రెఫరెన్సుల గురించి. రాక్ వీడియో తీయడానికి రాక్ వీడియోలే చూసేవాళ్లు ఆ వీడియోల నకలు తీస్తారు. జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్ 1991లో ఆర్.ఇ.ఎం. బృందానికి 'లూజింగ్ మై రెలిజియన్' తీసినప్పుడు ఇటలీ చిత్రకారుడు కారవాజో వెలుగునీడల దగ్గరికి, మార్కెజ్ రాసిన రెక్కల ముసలివాడి కథ దగ్గరికి వెళ్లాడు. ఆ ఏడాది ఎంటీవీ అవార్డుల్లో ఉత్తమ వీడియో అదే. మనకి వెతుక్కునే చోటు ఇంకా దగ్గర. చేర్యాల నకాషీ పటం ఎప్పుడైనా చూశారా? ఎర్రటి నేపథ్యం, అరల్లాగా విడగొట్టిన బొమ్మలు. పటం కొద్దికొద్దిగా విప్పుతూ కథకులు కథ పాడేవారు. పాటకీ బొమ్మకీ లంకె వేయడం, తర్వాతి బొమ్మని దాచి ఉంచడం, సరైన చోట విప్పడం వాళ్లు ఎంటీవీ పుట్టకముందే చేశారు. ఎలక్ట్రిక్ గిటారు మోతకి ఆ ఎర్రరంగు ఎలా ఉంటుందో ఎవరైనా తీసి చూపిస్తే బాగుండు.

దాచి ఉంచడమంటే రేడియోహెడ్ బృందం 'జస్ట్' గుర్తొస్తుంది. 1995లో జేమీ త్రేవ్స్ తీశాడు. ఒక మనిషి పేవ్‌మెంట్ మీద పడుకుంటాడు, ఎందుకని జనం గుమికూడి అడుగుతారు, సంభాషణ కింద సబ్‌టైటిళ్లుగా నడుస్తుంది. చివరికి అతను జవాబు చెబుతాడు. సరిగ్గా అప్పుడే సబ్‌టైటిల్ ఉండదు! విన్నవాళ్లందరూ నేల మీద పడుకుంటారు. ఏం చెప్పాడని జనం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. దర్శకుడు చెప్పలేదు. మీ వీడియోలో కూడా అన్నీ విప్పి చెప్పాలన్న ఆత్రం ఒక్కచోట అణచుకోండి.

ఎడిటింగ్ అయ్యాక మిత్రులకి చూపిస్తే 'సూపర్ మామా' అంటారు. దాన్ని పట్టించుకోకండి. ఆ పాట ఎప్పుడూ వినని ఒక మనిషిని, వీలైతే రాక్ అంటే చిరాకు పడే మనిషిని పట్టుకుని, శబ్దం తీసేసి వీడియో చూపించండి. ఏమీ వివరించకండి. అయిపోయాక 'ఏం గుర్తుంది?' అని మాత్రమే అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆయన ఎక్కడ గోడ గడియారం వైపు చూశాడో ఆ సెకను కూడా రాసుకోండి. మీరు మొదట రాసుకున్న ఒక్క వాక్యాన్ని పక్కన పెట్టి రెండూ పోల్చండి. కలవకపోతే టైమ్‌లైన్ తెరిచి, గడియారం చూసిన చోటి నుంచి కత్తిరించడం మొదలుపెట్టండి.