బడిలో సాంకేతికత: ఏ పురస్కారం ఎవరిది?

బోధనలో సాంకేతికతను కొత్తగా వాడేవారికి యునెస్కో ఇచ్చేది కింగ్ హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫా బహుమతి. బహ్రెయిన్ నిధులతో 2005లో నెలకొల్పారు. ఇద్దరు విజేతలకు చెరో 25,000 డాలర్లు.

2021 సంవత్సరానికి ఈ గుర్తింపు ఎన్‌సీఈఆర్‌టీలో భాగమైన సీఐఈటీకి (కేంద్రీయ విద్యా సాంకేతిక సంస్థ), 'పీఎం ఈ-విద్య' పథకం కింద సాంకేతికతను వినియోగించినందుకు దక్కింది. కొవిడ్‌తో బడులు మూతపడ్డ 2020 మేలో ఆ పథకాన్ని ప్రకటించారు. ఇంటర్నెట్ లేని ఇళ్లకు కూడా పాఠం చేరేలా 'ఒక తరగతి - ఒక ఛానల్' పద్ధతిలో 12 టీవీ ఛానళ్లు పెట్టారు. చాలా ఇళ్లలో ఉన్న టీవీనే తరగతి గది చేయడం నిజంగా మెచ్చుకోదగ్గ ఆలోచన.

దీన్ని గ్లోబల్ టీచర్ ప్రైజ్‌తో కలగలపకండి. అది వర్కీ ఫౌండేషన్‌ది, 10 లక్షల డాలర్లు. 2020లో మహారాష్ట్ర సోలాపుర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడి ఉపాధ్యాయుడు రంజిత్‌సింహ్ దిసాలే అందుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు చేర్చి, పాఠాలను పిల్లల మాతృభాషలోకి తెచ్చారాయన. వచ్చిన సొమ్ములో సగం తుది పోటీలో నిలిచిన మిగతా తొమ్మిది మందికి పంచారు!

క్యూఆర్ కోడ్‌లంటే, పాఠ్యపుస్తకాల్లోని కోడ్‌ల ద్వారా డిజిటల్ పాఠాలు అందించే 'దీక్ష' వేదిక కూడా గుర్తుండాలి. 2017 సెప్టెంబరు 5న దాన్ని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు.