చలికి పాత బైక్ మొరాయిస్తోందా? మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఇవి చెక్ చేయండి

ఉదయం 9 గంటలకు ఎగ్జామ్. 8కి బయటకొచ్చి సెల్ఫ్ నొక్కితే బండి కదల్లేదు. కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి తప్ప ఫలితం లేదు. నాన్నగారి పాత కార్బురేటర్ బైక్ వాడే చాలామందికి డిసెంబర్, జనవరి నెలల్లో ఇది మామూలే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకుల్లో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటోంది. చలిని బట్టి పెట్రోల్ ఎంత పంపాలో అందులో కంప్యూటరే చూసుకుంటుంది. కార్బురేటర్ బండిలో ఆ పని మనమే చేయాలి.

అసలు కారణం ఏంటి?

చలిలో పెట్రోల్ త్వరగా ఆవిరి కాదు. ఆవిరైతేనే అది అంటుకుంటుంది. మరోవైపు ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ పవర్ తగ్గుతుంది. ఎండాకాలంలో బయటపడని చిన్న లోపం కూడా అందుకే ఇప్పుడు బయటపడుతుంది.

1. చోక్: ఇది గాలిని తగ్గించి, పెట్రోల్ పాళ్లు పెంచుతుంది. చోక్ పూర్తిగా లాగి, రేజ్ ఇవ్వకుండా స్టార్ట్ చేయండి. ఇంజిన్ కాస్త వేడెక్కగానే మూసేయండి. అలాగే వదిలేస్తే ప్లగ్‌కి మసి పడుతుంది.

2. బ్యాటరీ: సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మని ఆగిపోతోందా? కిక్ కొడితే మాత్రం స్టార్ట్ అవుతోందా? అయితే ముందు బ్యాటరీనే అనుమానించండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్ట్స్‌లో పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 దగ్గర చూపిస్తే ఫుల్ చార్జ్ ఉన్నట్టే. 12.2 అంటే సగమే. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కంటే కిందకి పడిపోతే బ్యాటరీ బలహీనపడినట్టే. టెర్మినల్స్‌కి పట్టిన తెల్ల పొడిని కూడా శుభ్రం చేసి చూడండి.

3. ప్లగ్: ఇంజిన్ బాగానే తిరుగుతున్నా అందుకోవడం లేదంటే, చల్లగా ఉన్నప్పుడే ప్లగ్ విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా స్పార్క్ సరిగా లేదు. నల్లగా మసి ఉంటే వైర్ బ్రష్‌తో తుడవండి. పాతదైతే మార్చేయడమే మేలు, ఖర్చు పెద్దగా ఉండదు.

4. పెట్రోల్: ట్యాంక్ కింద కాక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బండి వారాల తరబడి కదలకపోతే కార్బురేటర్‌లో పాత పెట్రోల్ పాడై, సన్నని జెట్ మూసుకుపోవచ్చు. అది క్లీన్ చేయడం మెకానిక్ పని.

5. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్: ఆయిల్ గ్రేడ్ మాన్యువల్‌లో రాసిందే వాడండి. 10డబ్ల్యూ30లో డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుంది.

ఈ తప్పులు చేయొద్దు

సెల్ఫ్ ఒకేసారి 5 సెకన్ల కంటే ఎక్కువ నొక్కొద్దు. మళ్లీ నొక్కే ముందు కనీసం 10 సెకన్లు ఆగండి. పెట్రోల్ ఉందో లేదో చూడటానికి అగ్గిపుల్ల, లైటర్ అస్సలు వద్దు, ఫోన్ టార్చ్ చాలు. షట్టర్ మూసిన గదిలో ఇంజిన్ వేడి చేయొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణమే తీస్తుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. అప్పుడే అసలు దోషం ఎక్కడుందో తెలుస్తుంది. ఎగ్జామ్ రోజు ఉదయం కాదు, ముందు ఆదివారమే ఈ చెకింగ్ చేసుకోండి!