పటికలో దాగిన నీళ్ళు

అక్కలారా, పటిక మీకు తెలియనిది కాదు. బురదనీళ్ళు తేరడానికి బిందెలో తిప్పుతాం. దిష్టి తగలకుండా గుమ్మానికి కడతాం. పళ్ళపొడిలో వేయాలంటే మూకుట్లో వేసి పొంగిస్తాం.

మా రాత్రి బడికి వచ్చే పొదుపు సంఘం అక్కలు పళ్ళపొడి చేసి అమ్మాలనుకున్నారు. కిలో పటిక కొన్నారు. పొంగించి తెమ్మని ఒక అక్కకి ఇచ్చారు. ఆమె తెచ్చిన పొడి తూస్తే 540 గ్రాములే ఉంది! మిగతా 460 గ్రాములు ఏమైంది?

"ఇంట్లో దాచుకుందేమో" అన్నారొకరు. ఆ అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చిటికెడు కూడా తియ్యలేదమ్మా" అంది.

మాటలతో ఇది తేలదు. తూచి చూద్దాం అన్నాను. అందరి ముందూ పొయ్యి వెలిగించాం.

ముందు ఖాళీ మూకుడు తూచాం. 300 గ్రాములు. అందులో 100 గ్రాముల పటిక పొడి వేశాం. మొత్తం 400. సన్నని సెగ మీద పెట్టాం.

పటిక కరిగి నీళ్ళలా అయింది. మనం చుక్క నీరు పోయలేదు కదా! తర్వాత బుడబుడమని ఉడికింది. తెల్లగా పొంగింది. పైన చల్లటి మూత పట్టాం. మూత నిండా నీటి బొట్లు!

"ఇదిగో దొంగ!" అని ఒక అవ్వ నవ్వింది.

పటిక గడ్డకట్టేటప్పుడు నీటిని తనలో కలుపుకుంటుంది. చేతికి మాత్రం పొడిగానే తగులుతుంది. ఈ నీటిని స్ఫటిక జలం అంటారు.

మూకుడు చల్లారాక తూచాం. 360. వేడి మీద తూస్తే తూకం సరిగా రాదు. ఇక్కడితో ఆపితే లెక్క తప్పేది. మళ్ళీ వేడిచేశాం. 355. ఇంకోసారి వేడిచేశాం. అప్పుడూ 355. తూకం ఇక తగ్గలేదంటే నీరంతా పోయినట్టే. మూకుడు ఎర్రబడేదాకా మాత్రం కాల్చకండి. పటిక చెడి ఘాటు పొగ వస్తుంది.

355లో మూకుడు 300 తీసేస్తే 55. అంటే 100 గ్రాముల పటికలో 45 గ్రాములు నీరే. పుస్తకాల లెక్క 45న్నర. మా కిరాణా త్రాసుకి అర గ్రాము అందదు.

మరి కిలోకి? సుమారు 550 గ్రాముల పొడి రావాలి. అక్క తెచ్చింది 540. ఆమె మూకుడు తెప్పించాం. అడుగున తెల్లటి పెచ్చులు అంటుకుని ఉన్నాయి. మొదట మాటన్న అక్కే కూర్చుని వాటిని గీకింది.

పలక మీద లెక్క వేయండి: పళ్ళపొడికి 1100 గ్రాముల పొంగించిన పటిక కావాలి. ఎన్ని కిలోల పటిక కొనాలి?