ఆఫీసు కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్: ఏ పద్ధతి మేలు?

ఒక ఆఫీసులో వంద కంప్యూటర్లున్నాయనుకుందాం. ఒక్కొక్కదాని ముందు కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం అయ్యేపని కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో ఎన్నో ఆఫీసులకు ఈ సమస్య ఎదురైంది. దీనికి ముఖ్యంగా మూడు మార్గాలు కలవు.

మొదటిది అచ్చు పద్ధతి. ఒక యంత్రాన్ని పూర్తిగా సిద్ధంచేసి, దాని డిస్కు నకలును మిగతావాటికి ఎక్కిస్తారు. అన్నీ ఒకే మోడలైతే పని త్వరగా తెములుతుంది. కాని అప్‌డేట్లు వచ్చేకొద్దీ అచ్చు పాతబడుతూ ఉంటుంది.

రెండవది జవాబుల ఫైలు పద్ధతి. ఇన్‌స్టలేషన్‌లో వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెడతారు. రెడ్‌హాట్‌లో కిక్‌స్టార్ట్, డెబియన్‌లో ప్రీసీడ్ ఇటువంటివే. యంత్రం పి.ఎక్స్.ఇ. ద్వారా నెట్‌వర్కు నుంచే బూట్ అయి, మిగతా పని తానే చేసుకుంటుంది. కాస్త ఆలస్యమైనా, రకరకాల మోడళ్లున్నచోట ఇదే నయం.

మూడవది ఆటోపైలట్ వంటిది. కొత్త యంత్రంతో వచ్చిన విండోస్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ ద్వారా సంస్థ అమరికలు చేరుస్తారు. ఇంటినుంచి పనిచేసేవారికి అనువైనది. అయితే డిస్కు పాడైతే మళ్లీ మొదటి రెండిటిలో ఒకటి కావలసిందే.

ఏది ఎంచుకున్నా, ఆజ్ఞ ఏ యంత్రాలకు వెళుతోందో చూసుకోవాలి. 2014 మేలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 ఎక్కించమన్న ఆజ్ఞ పొరపాటున విండోస్ యంత్రాలన్నిటికీ వెళ్లింది. చివరికి ఆ ఆజ్ఞ పంపిన సర్వరు కూడా చెరిగిపోయింది!

కనుక ముందుగా అందరి ఫైళ్లూ వేరేచోట భద్రపరచాలి. తొలుత ఐదు యంత్రాలు, తర్వాత ఒక విభాగం, అన్నీ సవ్యంగా ఉంటేనే మిగతావి. చేత్తో చేసిన తప్పు ఒక్క యంత్రంతో పోతుంది. ఆజ్ఞలో తప్పు వందకూ పాకుతుంది.