విద్యార్థులు – గ్రంథచౌర్యము

పరుల సొమ్మును వారు ఇయ్యకుండ తీసికొనుట దొంగతనమని అంగడిలో కూర్చుండు చిన్నపిల్లవాడును చెప్పగలడు. పరులు వ్రాసినదానిని ఎత్తి వ్రాసి క్రింద తన పేరు పెట్టుకొనుటను మాత్రము దొంగతనమనుటకు పెద్దవారును వెనుదీయుదురు. కళాశాల విద్యార్థులు దానిని "కాపీ" యని నవ్వుచు చెప్పుకొందురు. తెలుగున దీనికి గ్రంథచౌర్యమని సూటియైన మాట యున్నది. పాశ్చాత్య భాషలలో వాడు మాట లాటిను నుండి వచ్చినది. మనుష్యులను ఎత్తుకొనిపోవువాడని దాని మొదటి యర్థము. క్రీ. శ. మొదటి శతాబ్దమున రోము నగరమందుండిన మార్షల్ అను కవి, తన పద్యములను వేరొకడు తనవని చదువుచుండగా వానికి ఆ పేరు పెట్టెను. బిడ్డను ఎత్తుకొనిపోయినవానికిని, పద్యమును ఎత్తుకొనిపోయినవానికిని ఒకటే పేరు!

ఇచట వర్తకులకు సహజముగా ఒక ప్రశ్న తోచును. అంగడిలో ఒక తాను గుడ్డ పోయినయెడల అంగడివానికి నష్టము. పుస్తకములోని నాలుగు పుటలను విద్యార్థి ఎత్తి వ్రాసినచో పుస్తకము ఉన్నచోటనే యున్నది. అందలి అక్షరమొక్కటియు తరుగలేదు. ఎవరికేమి పోయినది? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము తెలియని విద్యార్థికి పట్టుబడుదునను భయమే యుండును గాని, చేసినది తప్పని తోచదు.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము స్తేయమును నిర్వచించునపుడు సొంతదారునకు ఎంత నష్టమైనదని అడుగదు. ఇయ్యనిదానిని తీసికొనుటయే స్తేయమని చెప్పును. అందుచేతనే దానికి అదత్తాదానమని పేరు. గ్రంథకర్త పుస్తకమును అచ్చువేయించి లోకమునకు ఇచ్చినాడు గదా, అది దత్తమే గదా యని వాదింపవచ్చును. నిజమే. చదువుకొనుటకు ఇచ్చెను, నేర్చుకొనుటకు ఇచ్చెను, తన పేరు చెప్పి ఉదాహరించుటకును ఇచ్చెను. దీనిని నీవు వ్రాసితివని చెప్పుకొనుటకు మాత్రము ఇయ్యలేదు. ఆ పుటల వెనుకనున్న పదేండ్ల శ్రమకు దక్కవలసిన పేరే అదత్తము.

అయినను గ్రంథకర్తకు కలుగు అన్యాయము ఇందులో సగమే. రెండవ సగము పట్టాను నమ్మినవారికి కలుగును. పట్టా యనునది తూనికరాతి మీది సర్కారు ముద్ర వంటిది. ముద్ర చూచి సరకు కొనువాడు రాతిని మరల తూచి చూడడు. చూడనక్కరలేదను నమ్మకము కొరకే ముద్ర ఏర్పడినది. ఔషధశాస్త్రము చదివిన యువకుడు ప్రయోగము చేయకయే వేరొకని అంకెలను తన పుస్తకములో ఎక్కించుకొని పట్టా పొందినచో, రేపు మందుల కర్మాగారమున వాని సంతకమును నమ్మి మందు మ్రింగు రోగికి ఈ సంగతి తెలియు దారి లేదు. తన పని తానే చేసికొని తక్కువ మార్కులు తెచ్చుకొన్న తోటి విద్యార్థి ఉద్యోగపు వరుసలో వెనుకబడును. వానికిని తాను ఎందుకు వెనుకబడెనో తెలియదు.

అచౌర్యాణువ్రతమునకు శాస్త్రము చెప్పిన అయిదు అతిచారములు వర్తక కుటుంబములకు క్రొత్తవి కావు. దొంగను ప్రోత్సహించుట స్తేనప్రయోగము. దొంగ తెచ్చిన సొత్తును పుచ్చుకొనుట తదాహృతాదానము. రాజ్యశాసనమును దాటుట విరుద్ధరాజ్యాతిక్రమము. తప్పుడు కొలతలు హీనాధిక మానోన్మానము. నకిలీ సరకును మేలిసరకుగా అమ్ముట ప్రతిరూపక వ్యవహారము. ఇవన్నియు అంగడికి సంబంధించినవేయని అనుకొందురు. కళాశాలలో చేరిన కుమారుని విషయమున వీనిని ఒకమారు చదివి చూచినచో మొదటి రెండును, కడపటిదియు ఇంటిలోనే కనబడవచ్చును.

నేడు పట్టణములలో ప్రాజెక్టు సెంటర్లను పేరుతో దుకాణములు వెలసియున్నవి. పని నేర్పి, సందేహములు తీర్చి పంపునవియు వీనిలో కొన్ని గలవు, వానిని తప్పుపట్టనక్కరలేదు. తక్కినవానిలో విద్యార్థి పట్టికలో నుండి ఒక శీర్షికను ఏరుకొనును, రూకలు కట్టును, కొలది దినములలో అట్ట కుట్టిన రిపోర్టు చేతికి వచ్చును. బంగారు అక్షరములతో పేరు, లోపల మార్గదర్శియైన ఆచార్యునికి కృతజ్ఞతలు, ఇది నా స్వంత కృషియని ప్రమాణపత్రము, అన్నియు అందులోనే యుండును. ఆ ప్రమాణపత్రమును గూడ వేరొకడు వ్రాసినదే! అదే రిపోర్టు అట్ట మారి మరియొక ఊరి కళాశాలకు పోవును. తండ్రి దానికి రూకలిచ్చి, ఇంటి లెక్కలో చదువు ఖర్చు క్రింద వ్రాసికొనును. అంగడిలో దొంగబంగారము వచ్చినచో గడప దాటనీయని మనిషి, ఈ పద్దును మాత్రము రెండవమారు చూడడు. పిల్లవాడు అల్లరిగా చేసిన కాపీకంటె ఇది బరువైనది. ఏలయన, దీనికి ఇంటి పెద్ద సమ్మతి యున్నది.

2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన తరువాత దుకాణమునకు పోవు పనియు తప్పినది. అడిగిన విషయముపై యంత్రమే వ్యాసము వ్రాసి ఇచ్చును. ఇచట సొమ్ము పోగొట్టుకొన్న గ్రంథకర్త ఎవరో చూపుట కష్టము. అయినను తాను చేయని పనిని తాను చేసినట్లు ఆచార్యుని చేతికిచ్చుట మారలేదు. ప్రతిరూపక వ్యవహారము అట్లే యున్నది. యంత్రమును అడిగి నేర్చుకొనుట వేరు, దానిచేత వ్రాయించి సంతకము చేయుట వేరు.

మాటలు మార్చినచో చౌర్యము కాదని కొందరు విద్యార్థుల నమ్మకము. ఈ ఉపాయము నేటిది కాదు. వెయ్యేండ్లకు పూర్వము కనౌజు రాజుల ఆస్థానముననుండిన రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో శబ్దహరణము, అర్థహరణము అని వేరువేరుగా విచారించెను. అర్థము అదియే యుండి మాటలు మాత్రము మారినచో ప్రతిబింబకల్పమనియు, కొంత మెరుగుపెట్టి వేరొకటిగా కనబడునట్లు చేసినచో ఆలేఖ్యప్రఖ్యమనియు పేర్లు పెట్టెను. అద్దములో బొమ్మ వంటిదొకటి, చిత్తరువు వంటిది మరియొకటి. దొంగ కాని కవియు, దొంగ కాని వర్తకుడును లేరని ఆయన గ్రంథమున ఒక చమత్కారము గలదు. వర్తకులు దానికి కోపగింపనక్కరలేదు. కవుల ప్రక్కన కూర్చుండబెట్టినాడు గదా!

మన దేశమున విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లో ఈ విషయమై నిబంధనలు చేసెను. ఎమ్.ఏ. వంటి ఉన్నత పట్టములకును, పరిశోధనకును సమర్పించు సిద్ధాంతవ్యాసములకు ఇవి వర్తించును. ఇతరుల వ్రాతతో పోలిక నూటికి 10 వరకు నున్నచో శిక్ష లేదు. 10కి మించి 40 వరకైనచో ఆరునెలలకు మించని గడువులో సవరించి ఇయ్యవలెను. 40కి మించి 60 వరకైనచో ఒక సంవత్సరము సవరించిన వ్రాతను ఇచ్చు అర్హత యుండదు. 60 దాటినచో ఆ చదువునకు చేసికొన్న నమోదే రద్దగును. పట్టా పుచ్చుకొన్న పిదప బయటపడినను, ఆ పట్టాను కొంతకాలము నిలిపివేయవచ్చును. ఆధారము చెప్పి ఉదాహరించిన భాగములను ఈ లెక్కలో చేర్చరు.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. ఒకటి, యంత్రము తూచునది పోలికనే గాని దొంగతనమును కాదు. నూటికి తొమ్మిది పాళ్లు ఎత్తి వ్రాసినవానికి శిక్ష లేకపోవచ్చును. అంతమాత్రమున అది వాని సొత్తు కాదు. త్రాసునకు కొంత తేడా చట్టము ఒప్పుకొనును. ఆ తేడామేరకు ప్రతి గిరాకీకిని తగ్గించి తూచువానిని మంచి వర్తకుడని ఎవరును అనరు. రెండవది, ఇంటి అభ్యాసములు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రములు ఈ నిబంధనల పరిధిలోనికి రావు. అనగా కుటుంబములు ఎక్కువగా కొనుచున్న సరకునే ఈ శాసనము ముట్టుకొనలేదు. ఆ స్థలమున కళాశాల కట్టడి యొకటి, ఇంటి కట్టడి యొకటి తప్ప మరేమియు లేవు.

మంచివారు ఇట్టి పని చేయరనుటయు సరికాదు. అమెరికాలో నీగ్రో జాతి హక్కులకై గాంధీగారి అహింసామార్గమున పోరాడి, 1964లో నోబెల్ శాంతి బహుమానము నందిన మార్టిన్ లూథర్ కింగ్, 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రములో డాక్టరు పట్టము పొందెను. ఆయన 1968లో హతుడైన చాలకాలమునకు, ఆయన భార్య కొరెట్టా కోరికపై ఆయన కాగితములను సేకరించి ప్రకటించుచున్న పండితులే, ఆ సిద్ధాంతవ్యాసమున ఇతరుల వాక్యములు పేరు చెప్పక చేరియున్నవని కనిపెట్టిరి. అందు కొన్ని అదే విశ్వవిద్యాలయమున మూడేండ్ల ముందు వేరొక విద్యార్థి సమర్పించిన వ్యాసములోనివి. రెండు వ్యాసములను పరీక్షించిన ఆచార్యుడును ఒక్కడే! 1991లో విశ్వవిద్యాలయపు సంఘము విచారించి సంగతి నిజమేయని తేల్చెను. పట్టమును రద్దు చేయలేదు. గ్రంథాలయములోని ప్రతికి ఈ విషయము తెలుపు లేఖను జతపరుపవలెనని సూచించెను. ఆయన ఘనత తగ్గలేదు, తప్పును తప్పు కాకపోలేదు. స్వంత మనుష్యులే లెక్క తేల్చి చూపుటలో ఒక గౌరవము గలదు. జర్మనీ రక్షణమంత్రి గుట్టెన్‌బర్గ్ విషయము వేరు. 2011 ఫిబ్రవరిలో ఆయన డాక్టరు పట్టము పోయెను, మార్చి 1న మంత్రిపదవికి రాజీనామా చేసెను.

పరుల పనికి వారి పేరే యుంచుట మన పెద్దలకు అలవాటే. జయధవలా వ్యాఖ్యను వీరసేనుడు ఆరంభింపగా శిష్యుడు జినసేనుడు పూర్తిచేసెను. ఆ జినసేనుని మహాపురాణము మధ్యలో నిలిచిపోగా ఆయన శిష్యుడు గుణభద్రుడు ముగించెను. ఎవరి వ్రాత ఎచటి వరకో నేటికిని స్పష్టముగా తెలియుచునేయున్నది. తెలుగున ఎఱ్ఱన ఇంకొక అడుగు ముందుకు పోయెను. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును తాను పూరించి, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునికే దానిని అంకితముగా నడపెను. ఇతరుల కష్టమునకు తన పేరు పెట్టుకొనువారు గల లోకమున, తన కష్టమును ఇతరుని ఖాతాలో జమకట్టిన కవి ఆయన.

విద్యార్థులలో కొందరు దొంగతనము చేయవలెనని కూర్చుండరు. నోటు పుస్తకములో పేరు వ్రాసికొనకుండ ఎత్తుకొన్న వాక్యము, రెండు నెలలు గడచునప్పటికి తన వాక్యమువలెనే కనబడును. చిట్టాలో పేరు లేని జమ వంటిది అది. ఎత్తుకొన్న నాడే పుస్తకము పేరు, పుట సంఖ్య ప్రక్కన వ్రాసి, ఉన్నదున్నట్లు ఎత్తినదానికి గుర్తులు పెట్టినచో ఈ చిక్కు ఉండదు. ఇక తండ్రికి ఆ శాస్త్రము తెలియనక్కరలేదు. రాత్రి భోజనమైన తరువాత కుమారుని రిపోర్టును తెరచి, ఏదో ఒక పుటను చూపి, ఇందులో ఏమున్నదో తెలుగున చెప్పుమని అడుగవచ్చును.