ఫోనులో సగం, ఒడిలో సగం: ఆన్‌లైన్‌లో శిశు వికాస కోర్సు చదివే సోదరీమణుల కోసం ఒక పాఠం



మా సొసైటీ మహిళా విభాగాన్ని చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. పెళ్లయింది, పిల్లలున్నారు. పిల్లల పెంపకం గురించి ఆన్‌లైన్‌లో కాలేజీ కోర్సు ఉందట కదా, మేమూ చేయొచ్చా?" తప్పకుండా చేయొచ్చు. ఆ కోర్సు ఎలా చదవాలో, దాని నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో ఈ పాఠంలో చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. ఈ చదువులో సగం ఫోనులో ఉంటుంది. మిగతా సగం మన ఒడిలోనో, పక్కింటి వాకిట్లోనో ఆడుకునే బిడ్డ దగ్గర ఉంటుంది. ఆ రెండో సగాన్ని వదిలేస్తే సర్టిఫికెట్ వస్తుందేమో గానీ చదువు వంటబట్టదు.

1. చేరే ముందు తెలుసుకోవలసినవి

ఆన్‌లైన్ చదువులన్నీ ఒకటి కావు. కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన 'స్వయం' వేదికలో కాలేజీ స్థాయి కోర్సులు ఉంటాయి. సాధారణంగా 4, 8 లేదా 12 వారాలు సాగుతాయి. ప్రతి కోర్సులో నాలుగు భాగాలు: వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు అడిగే చర్చా వేదిక. చేరడానికి, చదవడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి. మార్కుల్లో పావు వంతు నుంచి 30 శాతం వరకు అసైన్‌మెంట్లకు, మిగతావి చివరి పరీక్షకు ఉంటాయి. అంటే వారం వారం పని చేయకుండా చివర్లో ఒక్క రాత్రి చదివితే గట్టెక్కలేం.

ఇంకాస్త లోతుగా చదవాలనుకునేవారికి ఇగ్నో దూరవిద్యలో శిశు సంరక్షణ, విద్యపై డిప్లొమా ఉంది. ఇంటర్ పాసైనవారు చేరవచ్చు. కనీస కాలవ్యవధి ఏడాది. ఇందులో పాఠాలతో పాటు పిల్లలతో చేసే ప్రాజెక్టు పని కూడా ఉంటుంది.

డిగ్రీ చదువుతున్న అమ్మాయిలకు మరో సౌకర్యం ఉంది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చు. అయితే ఏ కోర్సును ఒప్పుకుంటారో మన కాలేజీలో ముందే అడగాలి. కోర్సు పూర్తయ్యాక అడిగి లాభం లేదు.

"మా సర్టిఫికెట్ తీసుకుంటే అంగన్‌వాడీ ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. అంగన్‌వాడీ నియామకాలకు వయసు, స్థానికత, విద్యార్హత ఏమేం ఉండాలో ప్రభుత్వ నోటిఫికేషన్ చెబుతుంది. ఏ ప్రైవేటు సంస్థ సర్టిఫికెట్టూ వాటికి బదులు కాదు. దూరవిద్యలో డిగ్రీ ఇస్తామనే సంస్థ అయితే దానికి యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

2. ఈ శాస్త్రం ఇళ్లలోనే పుట్టింది

శిశు వికాసం అనగానే పెద్ద ప్రయోగశాలలు, యంత్రాలు గుర్తొస్తాయి. మొదలు మాత్రం అలా జరగలేదు. ఛార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన మొదటి కొడుకును గమనిస్తూ నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఎప్పుడు కోపం చూపాడు, ఎప్పుడు భయపడ్డాడు వంటి విషయాలు అందులో ఉన్నాయి. ఆ రాతల ఆధారంగా 1877లో ఒక వ్యాసం ప్రచురించారు. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే (1896-1980) తన ముగ్గురు పిల్లలను ఇంట్లోనే రోజూ పరిశీలించి శిశువు ఆలోచన ఎలా ఎదుగుతుందో రాశారు. నేడు ప్రపంచమంతటా విద్యార్థులు చదివే పాఠాల్లో కొన్ని ఆ పరిశీలనల నుంచే వచ్చాయి.

కాబట్టి "మాకు ల్యాబ్ లేదు, మేం కాలేజీకి వెళ్లలేం" అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చంటిబిడ్డ ఉన్న ప్రతి ఇల్లూ ప్రయోగశాలే. లోటల్లా చూసే కన్నుకూ, రాసే చేతికీ అలవాటు లేకపోవడమే.

3. చూసింది వేరు, అనుకున్నది వేరు

ఈ కోర్సులో మొదట నేర్చుకోవలసిన పని పరిశీలన రాయడం. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు ఒక బిడ్డను చూసి రాస్తే చాలు. రాసేటప్పుడు కాగితాన్ని నిలువుగా రెండుగా మడవాలి. ఎడమవైపు కంటికి కనిపించింది, కుడివైపు మనకు అనిపించింది రాయాలి.

"పాప మొండిది" అన్నది అనిపించింది. "అన్న బంతి లాక్కున్నాడు. పాప నేల మీద కూర్చుని ఏడ్చింది. దాదీమా దగ్గరికి వెళ్లి కొంగు పట్టుకుంది. రెండు నిమిషాలకు ఏడుపు ఆపి మళ్లీ బంతి వైపు చూసింది" అన్నది కనిపించింది. రెండోది చదివితే మొండితనం కనబడదు. దుఃఖం వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిన, కాస్త ఊరట దొరికితే తేరుకోగల బిడ్డ కనబడుతుంది. బిడ్డ మీద మనం వేసే ముద్రల్లో చాలావరకు కుడివైపు రాసినవే.

పక్కింటి బిడ్డను గమనించాలంటే ముందుగా తల్లి అనుమతి తీసుకోవాలి. అసైన్‌మెంటులో బిడ్డ పేరు రాయకూడదు, ఫొటో పెట్టకూడదు. ఇతరుల ఇంటి విషయం మన దగ్గర అమానత్ అని మరువరాదు.

4. ఇంట్లో చేసి చూసే మూడు పాఠాలు

మొదటిది, వస్తు స్థిరత్వ భావన. ఐదారు నెలల బిడ్డ ముందు గిలక్కాయను దుపట్టా కింద దాచండి. చాలామంది వెతకరు, వేరేవైపు చూస్తారు. సుమారు ఎనిమిది నెలలు దాటాక దుపట్టా లాగి గిలక్కాయ తీసుకుంటారు. కంటికి కనబడకపోయినా వస్తువు ఉందన్న ఎరుక అప్పటికి చేతల్లో కనిపిస్తుందని పియాజే చెప్పారు. తల్లి పక్క గదిలోకి వెళ్తే ఇదే వయసు బిడ్డ ఎందుకంత ఏడుస్తుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అమ్మ ఉందని తెలుసు, ఎదురుగా లేదనీ తెలుసు. అది మారాం కాదు, ఎదుగుదల.

రెండోది, పదిలపరచుకునే భావన. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి నాలుగైదేళ్ల బిడ్డకు చూపండి. ఒక గ్లాసులోని నీళ్లను అతడి ముందే సన్నటి పొడవాటి గ్లాసులోకి వంచి, "ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. చాలామంది పొడవు గ్లాసునే చూపుతారు. ఏడేళ్ల వయసు వచ్చేసరికి సమానమేనని చెప్పగలుగుతారు. అయితే ఇక్కడితో పాఠం అయిపోలేదు. 1974లో ఎడిన్‌బరోలో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఇలాంటి పరీక్షనే వరుసలో పేర్చిన బిళ్లలతో చేశారు. పెద్దవాళ్లు వరుసను మార్చి అడిగినప్పటి కంటే, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్టు ఆడించి అడిగినప్పుడు ఎక్కువమంది పిల్లలు సరైన జవాబు చెప్పారు. అడిగే తీరు మారితే జవాబు మారవచ్చు. "వీడికి బుర్ర లేదు" అనేముందు మన ప్రశ్న సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

మూడోది, ఊతం. పియాజే పుట్టిన 1896లోనే పుట్టి 1934లో మరణించిన రష్యా శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ ఒక సంగతి గుర్తించారు. బిడ్డ ఒంటరిగా చేయగల పనికీ, పెద్దల సాయంతో చేయగల పనికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. దాన్ని సమీప వికాస మండలం అంటారు. నేర్పవలసింది ఆ ఎడంలోనే. చొక్కా గుండీలు పెట్టుకోలేని బిడ్డకు మొత్తం మనమే పెట్టేస్తే నేర్చుకోడు. వదిలేస్తే విసుగుతో ఏడుస్తాడు. గుండీని సగం దూర్చి, మిగతా సగం అతడిని లాగమనాలి. ఇల్లు కట్టేటప్పుడు సారవ కడతారు, పని పూర్తయ్యాక విప్పేస్తారు. మన సాయమూ అలాగే ఉండాలి.

5. రెండు భాషల ఇల్లు

మన ఇళ్లలో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషు. అందువల్లే బిడ్డకు మాటలు ఆలస్యమవుతున్నాయని కొందరు తల్లులు భయపడి ఇంటి భాషనే మానేస్తారు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. రెండేళ్ల బిడ్డ మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. 'పానీ' అనీ 'బువ్వ' అనీ అంటే రెండు మాటలూ వచ్చినట్టే.

కోర్సు పాఠాలు ఇంగ్లిషులో ఉంటే మనకూ ఇదే ఉపాయం పనికొస్తుంది. నోటుబుక్కులో ప్రతి కొత్త పదానికీ మూడు గడులు గీయండి. మొదటి గడిలో పాఠంలోని పదం, రెండో దానిలో తెలుగులోనో ఉర్దూలోనో దాని అర్థం, మూడో దానిలో మీ ఇంట్లో చూసిన ఒక ఉదాహరణ. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పదం ఇంకా రానట్టే.

6. ఎప్పుడు ఆలస్యం చేయరాదు

ఈ చదువు మనల్ని డాక్టర్లను చేయదు. ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో మాత్రం నేర్పుతుంది. ఏడాది నిండినా ముద్దు పలుకులు లేకపోవడం, వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, పద్దెనిమిది నెలలకు నడవకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం, వచ్చిన మాటలో నడకో ఏ వయసులోనైనా పోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చూపించాలి.

ఇలాంటప్పుడు ఇంట్లో వినబడే మాట మనందరికీ తెలుసు. "వాళ్ల అబ్బా కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు, ఆగండి." పెద్దల మాటను ఎదిరించి నొప్పించనక్కర్లేదు. "మాటలు వస్తాయి దాదీమా, చెవులు ఒకసారి పరీక్ష చేయిద్దాం" అంటే చాలు. వినికిడి లోపం ఉంటే ఒక్కో నెల ఆలస్యం బిడ్డ మాటలకు నష్టం. అంగన్‌వాడీలో లేదా ఆస్పత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయసుకు ఏం రావాలో బొమ్మలతో ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు పరీక్షలు చేస్తారు. ఎదుగుదలలో ఆలస్యాలూ అందులో భాగమే. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఏఎన్‌ఎంను గానీ అంగన్‌వాడీ టీచరును గానీ అడగండి.

7. యతీము బిడ్డకు ఏం కావాలి?

మనలాంటి సొసైటీలకు ఈ చదువు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. యతీము పిల్లలకు రేషన్, బట్టలు, ఫీజు ఇస్తున్నాం, అల్‌హందులిల్లాహ్. మూడేళ్ల బిడ్డకు అంతకు మించి కావలసింది ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లు కోల్పోయిన పిల్లల పరిస్థితిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ 1951లో ఒక నివేదిక రాశారు. తిండి, పడక ఉన్నా స్థిరంగా ప్రేమించే ఒక మనిషి లేకపోతే బిడ్డ మనసు దెబ్బతింటుందన్నది దాని సారాంశం.

మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) జీవితమే చూడండి. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్ల వయసులో తల్లి, ఎనిమిదేళ్ల వయసులో తాత పోయారు. అయినా ఒక చేయి వదిలితే మరో చేయి అందుకుంది. హలీమా, తాత అబ్దుల్ ముత్తలిబ్, తండ్రి సోదరుడు అబూ తాలిబ్. ఆ తర్వాత ఆయన పిల్లలతో ఎలా మెలిగారో హదీసుల్లో ఉంది. అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట చనిపోతే, ఆ పసివాణ్ణి పేరు పెట్టి పిలిచి పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించారు. పెద్దలకు అది పిట్టే. ఆ బిడ్డకు అది పెద్ద దుఃఖం. ఆ దుఃఖాన్ని చూడగలగడమే ఈ కోర్సు అంతా కలిసి నేర్పేది.

కాబట్టి సాయం పంచే మన కార్యకర్తలు నెలనెలా మారకుండా, ఒక్కో కుటుంబానికి ఒక్కరే వెళ్తే మంచిది. సంచీ ఇచ్చి రావడం కాకుండా పది నిమిషాలు కూర్చుని, బిడ్డను పేరుతో పలకరించి రావాలి. దీనికి అదనపు ఖర్చు లేదు.

8. సాగేదెలా?

ఒంటరిగా మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సు మధ్యలో ఆగిపోవడం తేలిక. నలుగురైదుగురు కలిసి చేరండి. పిల్లలు లేవకముందు, ఫజ్ర్ తర్వాత అరగంట ఈ చదువుకు కేటాయించండి. వీడియోలు ముందే దించుకుంటే డేటా తిప్పలు తగ్గుతాయి. ఆదివారం ఒకరింట్లో చేరి ఎవరి పరిశీలన వారు చదివి వినిపించండి. అసైన్‌మెంటు గడువులు వంటగది క్యాలెండరు మీద రాసిపెట్టండి, ఇంట్లో అందరికీ తెలుస్తాయి.

దాతలకు ఒక విన్నపం. ఈ సోదరీమణులకు పరీక్ష రుసుముతో పాటు పరీక్ష రోజు దారి ఖర్చు, ఆ పూట పిల్లలను చూసుకునే ఒక మనిషి కూడా కావాలి. మన సాయంలో వాటినీ చేర్చుకుందాం.

చదువుకున్న ప్రతి తల్లి కన్నూ తన బిడ్డతో పాటు పొరుగు బిడ్డనూ చూడగలిగే కన్ను కావాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. ఆమీన్.