సిమ్యులేటర్‌లో విమానం ఊగకుండా నడపాలంటే

మన కంప్యూటర్ గదిలో ఫ్లైట్‌గేర్ పెట్టి సెస్నా 172 విమానం ఎక్కితే చాలు, ముక్కు పైకీ కిందికీ ఊగిపోతోంది. జాయ్‌స్టిక్ పాడైంది, పక్కన పడేద్దాం అంటున్నారు. మనకున్నది అదొక్కటే! అందుకే నేను చేసి చూసిన పద్ధతి రాస్తున్నాను.

1. కాలిబ్రేషన్: స్టిక్‌ను నాలుగు వైపులా చివరిదాకా తిప్పి వదలాలి. నడుమ ఎక్కడో, అంచు ఎక్కడో అప్పుడు కంప్యూటర్‌కు తెలుస్తుంది.

2. డెడ్ జోన్: పాత స్టిక్ చెయ్యి తీసినా కొంచెం వణుకుతుంది. నడిమధ్య ఆ వణుకును లెక్కచేయని భాగమే డెడ్ జోన్. నేను 5 శాతం పెట్టాను. మరీ పెంచితే స్టిక్ కదిపినా విమానం పలకదు.

3. సెన్సిటివిటీ: లెక్కల్లో వర్గం గుర్తుందా? స్టిక్ సగం కదిపితే తోకరెక్క 1/2 × 1/2 = 1/4 వంతే కదిలేలా పెట్టొచ్చు. చివరిదాకా లాగితే మాత్రం పూర్తిగా కదులుతుంది. దీనివల్ల చిన్న కదలికలు మెత్తగా వస్తాయి.

4. ట్రిమ్: ముక్కు నిలకడగా ఉండేందుకు స్టిక్‌ను అదేపనిగా పట్టుకోనక్కర్లేదు. ట్రిమ్ కొంచెం కొంచెంగా తిప్పితే చాలు.

ఇంకోమాట. విమానం కాస్త ఆలస్యంగా పలుకుతుంది. కదిపి ఒక్క క్షణం ఆగండి. తొందరపడి ఎదురు తిప్పితే ఊపు ఇంకా పెరుగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చి ఎగిరి చూడండి. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. ఇవన్నీ చూశాకే స్టిక్ సంగతి తేల్చాలి.